సాక్షి బోనెక్కకముందే తీర్పు!

కోర్టు కేసంటే ఏళ్లూ పూళ్లూ. వాయిదా మీద వాయిదా. కానీ కొన్ని దావాల్లో సాక్షుల్ని పిలవకుండా, అడ్డుప్రశ్నలు లేకుండా, కాగితాలు చూసే జడ్జిగారు తీర్పు చెప్పేయొచ్చు. సనత్‌నగర్‌లో బిల్లులు రాక తల పట్టుకున్న చిన్న షెడ్డు యజమానికి పనికొచ్చే దారి అది. అమీర్‌పేట నుంచి అమెరికా దాకా వెళ్లిన మందుల కంపెనీకి ఒకప్పుడు తలుపు తెరిచిన దారి కూడా అదే!

సనత్‌నగర్ పారిశ్రామికవాడలో ఓ రేకుల షెడ్డు ఉందనుకుందాం. రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషను, నలుగురు పనివాళ్లు. యజమానికి పేరెందుకు, షెడ్డాయన అందాం. ఓ పెద్ద కంపెనీకి పంపుల విడిభాగాలు చేసిచ్చాడు. మొత్తం బిల్లు 11 లక్షల 40 వేలు. సరుకు అందినట్టు చలానా మీద అవతలి స్టోర్స్ వాళ్ల సంతకం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది. ‘బాకీ మాట నిజమే, వచ్చే త్రైమాసికంలో సర్దుతాం’ అని మెయిల్ కూడా వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. ఆఖరికి చెక్కు ఇచ్చారు. అది బ్యాంకు గడప దాకా వెళ్లి తిరిగొచ్చింది.

దావా వేయమంటే షెడ్డాయన జంకుతాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత ఆయనకీ తెలుసు. ఆయన భయంలో తప్పేం లేదు. మామూలు సివిల్ దావా నడక అలాగే ఉంటుంది మరి. ముందు వాదపత్రం. సమన్లు. ప్రతివాది జవాబు. దాని మీద జడ్జిగారు వివాదాంశాలు ఖరారు చేస్తారు. అప్పుడు వాది బోనెక్కి పి.డబ్ల్యు.1 అవుతాడు. ఆయన చలానాలు ఎ-1, ఎ-2 అని నంబర్లు వేయించుకుంటాయి. ప్రతివాది లాయరు అడ్డుప్రశ్నలు. తర్వాత అవతలివైపు సాక్షులు. వాళ్లకి ఇవతలి లాయరు ప్రశ్నలు. ఆపైన వాదనలు, ఆపైన తీర్పు. ఒక్కో మెట్టు దగ్గర ఎన్ని వాయిదాలో ఎవరూ చెప్పలేరు.

ఇంతకీ సాక్షులెందుకు?

ఇద్దరు రెండు రకాలుగా చెబుతుంటే ఎవరిది నిజమో తేల్చడానికి. సరుకు అందిందని ఒకరు, అందలేదని ఇంకొకరు అంటున్నారనుకోండి. జడ్జిగారు ఇద్దరినీ బోనెక్కించి, మాట తడబడేది ఎవరికో చూడాలి. మరి సరుకు అందిందని ఇద్దరూ ఒప్పుకుంటే? బాకీ ఉందని అవతలివాళ్లే రాసిస్తే? బోనెక్కి చెప్పడానికి ఎవరి దగ్గరా కొత్త సంగతేమీ లేదు. తేల్చాల్సిన వాస్తవమే లేనప్పుడు విచారణ ఎందుకన్న ప్రశ్నలోంచి పుట్టిందే సమ్మరీ జడ్జిమెంట్. సంక్షిప్త తీర్పు అనొచ్చు. తీర్పు చిన్నదని కాదు, దారి చిన్నదని.

ఇంగ్లండులో 1855లో హుండీలు, బిల్లుల బాకీల కోసం ఇలాంటి పొట్టిదారిని చట్టం చేశారు. అప్పు తీసుకుని, కాగితం మీద సంతకం పెట్టి, కాలయాపన కోసమే కోర్టులో పోట్లాడే పెద్దమనుషుల బెడద అక్కడి వ్యాపారులకీ ఉండేదన్నమాట! అమెరికా 1938లో తన ఫెడరల్ సివిల్ నిబంధనల్లో రూల్ 56గా దీన్ని చేర్చింది. అక్కడ బాకీలకే కాదు, దాదాపు అన్నిరకాల సివిల్ దావాలకీ వాడతారు. ఎంత పెద్ద వివాదాలకి వాడతారో తెలియాలంటే సనత్‌నగర్ నుంచి పక్కనున్న అమీర్‌పేటకి రావాలి.

అమీర్‌పేట గొట్టాలు... అమెరికా పేటెంటు

సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు కమ్మేయకముందు నుంచీ అమీర్‌పేటకి మరో గుర్తింపు ఉండేది. డాక్టర్ కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ప్రధాన కార్యాలయం 2000ల మొదట్లో ఇక్కడే, 7-1-27 నంబరు భవనంలో ఉండేది. ఆ రోజుల్లో కంపెనీ కన్ను పడ్డ మందుల్లో ఒకటి ఫ్లూఆక్సెటిన్. ప్రోజాక్ అంటే లోకమంతా గుర్తుపట్టే మానసిక కుంగుబాటు మందు. అమెరికన్ కంపెనీ ఎలీ లిల్లీకి అది ఏటా 200 కోట్ల డాలర్లకి పైగా తెచ్చిపెట్టేది. పేటెంటు రక్షణ 2003 డిసెంబరు దాకా ఉందని లిల్లీ లెక్క.

ఆ లెక్కని సవాలు చేసింది బార్ లేబొరేటరీస్ అనే మరో అమెరికన్ కంపెనీ. ఇంకొన్ని జెనరిక్ కంపెనీలు కూడా ఆ కేసులో ఉన్నాయి. పోరు ఇండియానాపొలిస్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టులో సాగింది. పేటెంటు చెల్లదనడానికి ప్రత్యర్థులు నాలుగు కారణాలు చూపారు. 1999 జనవరిలో అందులో రెండింటి మీద జిల్లా కోర్టు విచారణ లేకుండానే లిల్లీ వైపు సమ్మరీ జడ్జిమెంట్ ఇచ్చింది. మిగతా రెండూ విచారణకి రావాలి. సరిగ్గా ఆ ముందు లిల్లీ 40 లక్షల డాలర్లు ఇచ్చి ఆ రెండు వాదనల్నీ ప్రత్యర్థులు వదులుకునేలా రాజీ చేసుకుంది. విచారణ జరగనే లేదు. బార్ మాత్రం ఓడిపోయిన రెండు అంశాలనూ భుజాన వేసుకుని అప్పీలుకి వెళ్లింది.

అందులో ఒకటి మామూలు మనిషికీ అర్థమయ్యేదే. ఫ్లూఆక్సెటిన్‌తో ఆందోళనకి చికిత్స చేసే పద్ధతికి లిల్లీ దగ్గర ఒక పేటెంటు ఉంది. ఒంట్లో సెరటోనిన్‌ని నరాల కణాలు తిరిగి పీల్చేసుకోకుండా అదే మందుతో అడ్డుకునే పద్ధతికి ఇంకొకటి ఉంది. 2003 దాకా నడిచేది ఈ రెండోదే. బార్ వాదన ఏమిటంటే, ఆందోళనకి ఆ మందు వేసుకుంటే సెరటోనిన్ అడ్డుపడటం దానంతట అదే జరిగిపోతుంది కదా అని! పొయ్యి మీద నీళ్లు మరగబెట్టడానికి ఒక పట్టా తీసుకుని, మరుగుతున్న నీళ్లలోంచి ఆవిరి వచ్చినందుకు ఇంకో పట్టా తీసుకున్నట్టు. ఒకే ఆవిష్కరణకి రెండు పేటెంట్లు చెల్లవు.

2000 ఆగస్టు 9న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ అంశం మీద కింది కోర్టు తీర్పుని తిరగేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ‘వెనక్కి వెళ్లి సాక్షుల్ని విచారించి రండి’ అని అప్పీలు కోర్టు అనలేదు. పేటెంటు పత్రాల్లో ఏముందో అందరికీ తెలుసు. మందు ఒంట్లో ఏం చేస్తుందో కూడా తెలుసు. మిగిలింది చట్టాన్ని అన్వయించడమే. అందుకే ఆ పేటెంటు హక్కు చెల్లదని తానే తేల్చేసింది. రెండో అంశం మీద లిల్లీయే గెలిచింది గానీ, పేటెంటు పోవడానికి ఒక్క కారణం చాలు! ఆ ఒక్కరోజులో లిల్లీ షేరు సుమారు 30 శాతం పడింది. 2001 మే 30న కోర్టు సవరించిన తీర్పు వెలువరించింది. ఫలితం మారలేదు.

కొట్టేసిన పేటెంటు గెలిచినవాడి ఒక్కడికే కాదు, అందరికీ పోయినట్టే. ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గొట్టాలకి అమెరికాలో మొదట సవాలు దరఖాస్తు పెట్టింది మన అమీర్‌పేట కంపెనీ. అక్కడి 1984 నాటి చట్టం ప్రకారం ఇలా ముందు నిలబడినవాళ్లకి 180 రోజులపాటు ఇంకో జెనరిక్ పోటీ లేకుండా అమ్ముకునే హక్కు దక్కుతుంది. 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ ఆ హక్కుతో అమెరికా మార్కెట్లో అడుగుపెట్టింది. ఒక భారతీయ కంపెనీకి అలాంటి అవకాశం రావడం అదే మొదటిసారి. అదే ఏడాది ఏప్రిల్‌లో కంపెనీ షేరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. పంజగుట్ట చౌరస్తాలో అప్పట్లో షేర్ల గురించి మాట్లాడుకున్నవాళ్లకి ఈ సంబరం గుర్తుండే ఉంటుంది.

అదే కత్తి... రెండో అంచు

తర్వాతి మందు అమ్లోడిపిన్. బీపీకి వాడే ఈ మందుని ఫైజర్ నార్వాస్క్ పేరుతో బెసిలేట్ లవణంగా అమ్మేది. డాక్టర్ రెడ్డీస్ మేలియేట్ లవణాన్ని ఎంచుకుంది. అసలు పేటెంటు 2003లో ముగుస్తుంది, పొడిగింపు బెసిలేట్‌కే గానీ మేలియేట్‌కి కాదన్నది వాదన. సాక్షులతో పనిలేని, చట్టంలోని మాటకి అర్థమేమిటన్న ప్రశ్న ఇది. న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు 2002 డిసెంబరులో సరేనంది. విచారణ దాకా వెళ్లకుండానే ఫైజర్ దావాను కొట్టేసింది. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది సమ్మరీ జడ్జిమెంట్ కాదు, దాని తోబుట్టువు. వాస్తవాలన్నీ ఫైజర్ చెప్పినట్టే అనుకున్నా దావా నిలవదని తేల్చే పద్ధతి.

2004 ఫిబ్రవరి 27న అప్పీలు కోర్టు దాన్ని తలకిందులు చేసింది. పొడిగింపు మందు మూలపదార్థానికి వర్తిస్తుందని, లవణం మార్చినంత మాత్రాన తప్పించుకోలేరని అంది. ముగ్గురు జడ్జిల్లో ఒకరు ఒప్పుకోలేదు, అయినా ఇద్దరి మాటే తీర్పు. 2003లోనే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన మందు అటకెక్కింది.

చిన్నదారిలో గెలుపు ఎంత వేగంగా వస్తుందో అంత పలచగానూ ఉంటుంది. సాక్షుల మాట నమ్మి ఇచ్చిన తీర్పుని పైకోర్టు ఒక పట్టాన కదపదు. సాక్షిని కళ్లారా చూసింది కింది జడ్జి కదా. కాగితాల మీద ఇచ్చిన తీర్పుకి ఆ రక్ష లేదు. అవే కాగితాలు పైకోర్టు కూడా చదవగలదు.

మన చట్టంలో ఆర్డర్ 37

మళ్లీ షెడ్డాయన దగ్గరికి వద్దాం. ఆయన కోసం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 37 ఉంది. సమ్మరీ సూట్ అంటే ఇదే. ఏ కోర్టుల్లో వేయొచ్చో చెబుతూ సిటీ సివిల్ కోర్టుల పేరు అందులోనే రాశారు. ప్రామిసరీ నోటు, హుండీ, చెక్కు, రాతపూర్వక ఒప్పందం మీద రావాల్సిన నిర్దిష్టమైన మొత్తం, హామీపత్రం... ఇలాంటి వాటికే ఇది. నష్టపరిహారం ఎంతో మీరే తేల్చండంటే కుదరదు. స్థలం తగాదాలూ కుదరవు. వాదపత్రం పైన దావా నంబరు కిందనే ‘ఆర్డర్ 37 కింద’ అని రాయాలి. చిన్న విషయమే గానీ, నిబంధన.

సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది కోర్టులో హాజరు నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే వాది చెప్పిందంతా ఒప్పుకున్నట్టే లెక్క, డిక్రీ ఇచ్చేయొచ్చు. హాజరైతే వాది మరో సమన్లు పంపిస్తాడు, తీర్పు కోసం. దాంతోపాటు ‘ఇతని దగ్గర సరైన సమాధానం లేదని నా నమ్మకం’ అని అఫిడవిట్. అది అందిన 10 రోజుల్లో ప్రతివాది తన వాదన వినిపించడానికి అనుమతి అడగాలి. అవును, అనుమతే! మామూలు దావాలో జవాబివ్వడం హక్కు. ఇక్కడ ఆ హక్కుని అఫిడవిట్‌తో సంపాదించుకోవాలి.

మరి ఎంత చెబితే అనుమతి వస్తుంది? సుప్రీంకోర్టు 1976లో మెకలెక్ ఇంజినీర్స్ కేసులో ఒక కొలమానం చెప్పింది. అదే ఏడాది చట్టం మారడంతో, 2016లో ఐడీబీఐ ట్రస్టీషిప్-హబ్‌టౌన్ కేసులో దాన్ని సరిదిద్దింది. షెడ్డాయన సంగతికే అన్వయించి చూద్దాం.

‘సరుకులో సగం పనికిరాలేదు’ అని కంపెనీ అంటుంది. అంటూ, సరుకు అందిన వారంలోనే రాసిన ఫిర్యాదు, తిప్పిపంపిన చలానా, డెబిట్ నోటు చూపించింది. ఇది తేల్చాల్సిన వివాదమే. షరతులు లేకుండా అనుమతి వస్తుంది, మామూలు విచారణ జరుగుతుంది. షెడ్డాయనకి నచ్చకపోయినా అది న్యాయం.

ఇప్పుడు ఇంకోలా. ఫిర్యాదు ఉంది గానీ చెక్కు తిరిగొచ్చాక రాసింది. నిజమైనా కావచ్చు, నమ్మబుద్ధి మాత్రం కాదు. ఇలాంటప్పుడు జడ్జిగారు షరతు పెడతారు, ‘వాదించుకోండి, ముందు డబ్బు కోర్టులో కట్టండి’ అని. అసలూ వడ్డీ మొత్తం కట్టమనీ చెప్పొచ్చు. సగం దావాలకి మందు ఈ షరతులోనే ఉందని నా అభిప్రాయం. కాలయాపనకి డబ్బు ఖర్చవడం మొదలైతే కాలం విలువ తెలుస్తుంది.

మూడో సందర్భం. ఫిర్యాదూ లేదు, ఏమీ లేదు. ‘బాకీ నిజమే’ అన్న మెయిల్ ఉంది. పైగా అఫిడవిట్‌లో ‘వాది ఆరోపణలన్నీ అబద్ధం’ అన్న ఒక్క ముక్క. అనుమతి నిరాకరించి వెంటనే తీర్పు ఇచ్చేయొచ్చు. బాకీలో కొంత ఒప్పుకుని మిగతాది కాదంటే, ఒప్పుకున్నంత ముందు కోర్టులో జమచేయాల్సిందే.

అయితే సుప్రీంకోర్టు 2022లో బి.ఎల్. కశ్యప్ కేసులో మరోసారి హెచ్చరించింది. అనుమతి ఇవ్వడమే మామూలు, నిరాకరించడం అరుదుగా జరగాల్సిన పని అని. ఎదుటివాడి నోరు నొక్కి తీర్పు చెప్పడం చిన్న విషయం కాదు మరి.

కొత్తగా వచ్చిన 13-ఎ

జస్టిస్ ఎ.పి. షా నేతృత్వంలోని లా కమిషన్ 2015 జనవరిలో తన 253వ నివేదికలో వాణిజ్య వివాదాలకి ప్రత్యేక కోర్టులు కావాలంది. ఆ ఏడాదే కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. దాంతోపాటు సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోకి ఆర్డర్ 13-ఎ కూడా. అసలు సిసలు సమ్మరీ జడ్జిమెంట్ మన దేశంలోకి ఈ పేరుతో వచ్చింది అప్పుడే. మొదట కోటి రూపాయలు, ఆపైన విలువున్న వివాదాలకే ఉండేది. 2018లో ఆ హద్దుని 3 లక్షలకి దించారు. షెడ్డాయన 11 లక్షలు అలా లోపలికొచ్చాయి. సరుకు అమ్మకం వాణిజ్య వివాదమే. మీరు తోడల్లుడికి ఇచ్చిన చేబదులు మాత్రం కాదు!

ఆర్డర్ 37కీ దీనికీ తేడా ఏమిటంటే, అది వాది ఆయుధం మాత్రమే. ఇది ఇద్దరిదీ. ‘వాది గెలిచే అవకాశమే లేదు, కొట్టేయండి’ అని ప్రతివాదీ అడగొచ్చు. సమన్లు అందిన దగ్గర్నుంచి వివాదాంశాలు ఖరారయ్యేలోపు దరఖాస్తు పెట్టాలి. అవతలివారికి విచారణ తేదీకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. గెలిచే ‘వాస్తవమైన అవకాశం’ అవతలివారికి లేదని, సాక్షుల్ని వినాల్సిన వేరే బలమైన కారణమూ లేదని చూపించాలి. ఈ మాట ఇంగ్లండు నిబంధనల నుంచి తెచ్చుకున్నది. ఊహల్లో మాత్రమే ఉన్న అవకాశం లెక్కలోకి రాదని, అలాగని దరఖాస్తు మీదే చిన్నసైజు విచారణ నడపొద్దని 1999లో లార్డ్ వుల్ఫ్ అక్కడ చెప్పారు. రెండు దారుల్లో ఒకటే ఎంచుకోవాలి. ఆర్డర్ 37 కింద వేసిన దావాలో మళ్లీ 13-ఎ దరఖాస్తు పెట్టడానికి లేదు.

ఇంకో సంగతి. కమర్షియల్ కోర్టుకి వెళ్లేముందు, అత్యవసర ఉపశమనం కోరితే తప్ప, మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాల్సిందే. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చింది. వెళ్లకుండా వేస్తే వాదపత్రాన్నే తిరస్కరిస్తారు.

ఖాళీ నోటు మీద సంతకం పెట్టారా?

ఇంతవరకూ బాకీ రావాల్సినవాడి వైపు నుంచి చూశాం. ఇదే దారి ఇంకోవైపు నుంచి భయపెడుతుంది. ఫైనాన్సు వాళ్ల దగ్గర 50 వేలు తీసుకుంటూ ఖాళీ ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టేవాళ్లు ఈ వాడల్లో తక్కువేం కాదు. చట్టం దృష్టిలో ఆ సంతకం, మిగతాది నింపుకోవడానికి ఇచ్చిన అధికారంతో సమానం. నోటుకి ప్రతిఫలం ముట్టిందనే కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని చూపాల్సింది సంతకం పెట్టినవాడే.

అలాంటి మనిషి ఇంటికి సమన్లు వస్తాయి. ‘కోర్టు కాగితాలే కదా, ఏళ్లు పడుతుందిలే’ అని బీరువా మీద పడేస్తాడు. మామూలు దావా అయితే ఆ ధీమా కొంతకాలం చెల్లేదేమో. ఇక్కడ ఉన్నది పది రోజులు. వాయిదాలు కట్టిన రసీదులు, బ్యాంకు ఖాతాలో పడ్డ తేదీలు... అన్నీ అఫిడవిట్‌కి జతచేయాలి. ‘డబ్బంతా కట్టేశాను’ అన్న మాట ఒక్కటే చాలదు, ఏ తేదీన ఎంత, ఎలా కట్టాడో ఉండాలి. అనారోగ్యంలాంటి సరైన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించొచ్చు. డిక్రీ వచ్చాక కూడా, ప్రత్యేక పరిస్థితులుంటే పక్కన పెట్టించుకునే వీలుంది. బీరువా మీద మర్చిపోవడం ప్రత్యేక పరిస్థితి కిందికి రాదు.

డిక్రీ చేతికొచ్చినా డబ్బు వచ్చినట్టు కాదన్నది వాదికి మిగిలే చేదు నిజం. అవతలివాడు కట్టకపోతే మళ్లీ ఈపీ వేయాలి, ఆస్తులు జప్తు చేయించాలి. ఈ పొట్టిదారి తీర్పు దగ్గరే ఆగిపోతుంది. చిన్న పరిశ్రమగా నమోదైనవాళ్లకి ఇంకో దారీ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ అడుగుతూ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు.

షెడ్డాయన మాత్రం కోర్టుకే మొగ్గాడనుకుందాం. పాత క్యాలెండరు వెనక దాచిన ప్లాస్టిక్ కవరు తీసి లాయరుగారి బల్ల మీద కుమ్మరిస్తాడు. చలానాలు, ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు మెమో కట్టిన చెక్కు. ఆయన వాటిని పక్కకి జరిపి ముందుగా అడిగేది ఫోను. అందులో ‘బాకీ మాట నిజమే’ అన్న ఆ మెయిల్ ఉంది. దాన్ని ప్రింటు తీయాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్టు జతచేయాలి. అది తయారయ్యేదాకా ఫోను మార్చొద్దు, మెయిల్ చెరపొద్దు.